సందు ఒకచోట, జబ్బు ఇంకోచోట: అతకని కారు కిట్ ఒకటి

కిట్ ఎవరిదో, ఏ కంపెనీదో, ఏ కారుదో ఇక్కడ రాయడం లేదు. వాటితో పనీ లేదు. విడి ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ మోడల్ కారు. 1/24 స్కేలు, అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు, పాతకాలపు నాలుగు తలుపుల సెడాన్. తలుపులు బాడీతోనే అచ్చు పోసి ఉంటాయి, బానెట్ ఒక్కటే విడిగా తెరుచుకుంటుంది. అతకని కిట్లు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి, ఎలాగోలా దారికొచ్చాయి కూడా. దీని గురించే ఎందుకు రాస్తున్నానంటే, మూడు వారాల పాటు నేను తప్పు చోట వెతికాను. జవాబు మొదటి రోజే నా చెవిన పడింది, నేనే పట్టించుకోలేదు.

నేపథ్యం

కిట్ తెచ్చినాయన ఈ పనికి కొత్త కాదు. అప్పటికే పదికి పైగా కార్లు కట్టారు. దీన్ని మొదలుపెట్టి, రెండుసార్లు పుట్టీ పెట్టి, రెండుసార్లు రుద్ది, విసుగొచ్చి పెట్టెలో పడేశారు. నా దగ్గరికి వచ్చేసరికి బాడీ అంచు పొడుగునా పుట్టీ ఎండి పెచ్చులుగా ఊడుతోంది. బానెట్ ఎడమ అంచుకి కూడా పుట్టీతో ఒక గట్టు కట్టి ఉంది, అందులో సగం అప్పటికే విరిగిపోయింది.

ఆయన చెప్పిన కష్టాలు నాలుగు. బాడీ ఛాసిస్ మీద కూర్చోదు, బానెట్ ఒక పక్కకి పోతుంది, ఒక చక్రం నేలకి ఆనదు. నాలుగోది వెళ్లబోతూ చెప్పారు: "ముందు అద్దం మాత్రం ఎన్నిసార్లు అతికించినా ఊడొస్తోందండి." అది జిగురు సమస్య అనుకుని, ఆఖర్లో చూసుకుందాంలే అని నోట్‌బుక్‌లో అడుగున రాసుకున్నాను.

ఇలాంటి కిట్ చేతికి రాగానే నేను తేల్చుకునేది ఒకటుంది. ఈ లోపం అచ్చుదా, లేక ఈ ఒక్క పెట్టెదా? కిట్ల అచ్చులు ఉక్కుతో చేస్తారు, ఏళ్ల తరబడి వాడతారు. పాత అచ్చుకే కొత్త పెట్టె, కొత్త స్టిక్కర్లు తొడిగి మళ్లీ అమ్మడం మామూలే. అచ్చు అరిగితే రెండు సగాల మధ్య నుంచి ప్లాస్టిక్ పలుచగా బయటికి పొంగుతుంది. దాన్నే ఫ్లాష్ అంటాం. అచ్చు గీసినవాడు కొలత తప్పితే ఆ తప్పు ప్రతి పెట్టెలోనూ ఉంటుంది, దానికి కోయడమో కలపడమో తప్ప దారి లేదు. అలా కాకుండా అచ్చులోంచి వేడిగా తీసిన ముక్క చల్లారేటప్పుడు మెలి తిరిగినా, పెట్టెలో ఏదో బరువు కింద నలిగినా, అది ఈ ముక్కకి మాత్రమే వచ్చిన జబ్బు. దాన్ని కోయకూడదు, సరిచేయాలి. మెలి తిరిగిన ముక్కని కోసి సరిపెడితే, తర్వాత మెలి విప్పినప్పుడు కోసిన చోట కొత్త సందు తేలుతుంది.

రెంటినీ విడదీయడానికి నేను వాడే గుర్తు చాలా మోటుది. కుడి ఎడమలు కొలుస్తాను. రెండు పక్కలా ఒకే తేడా ఉంటే అచ్చుని అనుమానిస్తాను, ఒక పక్కే ఉంటే మెలిని. ఎప్పుడూ నిజం కాదు గానీ మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

కొలతలు

పాత పుట్టీని ద్రావకంతో కరిగించి తీద్దామంటే కింద ప్లాస్టిక్ కూడా మెత్తబడుతుంది. అందుకని 400, 600 నంబర్ల ఉప్పుకాగితంతో, నీళ్లు పోసుకుంటూ రుద్ది తీశాను. నీళ్లతో రుద్దితే కాగితం పూడుకుపోదు, దుమ్ము గాల్లోకి లేవదు. తర్వాత గోరువెచ్చటి సబ్బునీళ్లలో ముక్కలన్నీ కడిగి ఆరబెట్టాను. ఏదీ అతికించకుండా, టేపుతో నిలబెట్టి కొలతలు తీశాను.

వెనక బంపర్ కింద బాడీకీ ఛాసిస్‌కీ మధ్య 2 మి.మీ. సందు ఉంది. చూడ్డానికి చిన్నదే. 24తో గుణిస్తే నిజం కారులో 48 మి.మీ., దాదాపు మూడు వేళ్లు దూరుతాయి. ముందు వైపు మాత్రం సరిగ్గానే కూర్చుంది. ఛాసిస్‌కి చక్రాలు తగిలించి మందపాటి గాజుపలక మీద పెడితే ముందు కుడి చక్రం 0.8 మి.మీ. గాల్లో ఉంది. బానెట్ ఎడమ పక్క 1.2 మి.మీ. సందు, కుడి పక్క అంచు బాడీ మీదికి 0.4 మి.మీ. ఎక్కి కూర్చుంది.

బానెట్ అంకెల్ని ఆ రోజు ఊరికే రాసుకున్నాను, కూడి చూడలేదు. ఎడమ 1.2, కుడి మైనస్ 0.4. కలిపితే 0.8, అంటే పక్కకి 0.4 చొప్పున. బానెట్ వెడల్పులో తప్పేమీ లేదు, అది ఉన్న చోటు తప్పు. ఈ చిన్న కూడిక చేయకపోవడం వల్లే ఆయన ఎడమ అంచుకి పుట్టీ కట్టారు. నేను కూడా ఒక వారం పాటు దానికి ప్లాస్టిక్ పట్టీ అతికించాలనే ఆలోచనలోనే ఉన్నాను.

మొదటి ప్రయత్నం: ఛాసిస్

ఛాసిస్‌తోనే ఎందుకు మొదలుపెట్టానంటే మిగతావన్నీ దాని మీదే కూర్చుంటాయి. పునాది వంకరగా ఉంటే గోడని ఎంత చెక్కినా లాభం లేదు. పైగా లోపం ఒక్క చక్రం దగ్గరే ఉంది కాబట్టి మెలి అనుకోవడానికి ఆధారం ఉంది.

ఈ కిట్ ప్లాస్టిక్ పాలీస్టైరీన్. అది 100 డిగ్రీల దగ్గర పూర్తిగా మెత్తబడుతుంది. మరుగుతున్న నీళ్లలో వేస్తే పలుచని చోట్లు ముడుచుకుపోతాయి. నేను 70 డిగ్రీల నీళ్లు వాడాను. అర నిమిషం ముంచి, తీసి, వ్యతిరేక దిశలో కొంచెం ఎక్కువగానే మెలిపెట్టి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో ముంచాను. కొంచెం ఎక్కువగా ఎందుకంటే వదలగానే ప్లాస్టిక్ కొంత వెనక్కి పోతుంది. నాలుగు విడతలు పట్టింది. చివరికి కుడి చక్రం కింద 0.1 మిగిలింది. టైరు దాన్ని కప్పేస్తుంది కాబట్టి అక్కడితో ఆపాను.

వెనక సందు కూడా దీంతోనే పోతుందని గట్టిగా అనుకున్నాను. 2 నుంచి 1.6కి వచ్చి ఆగింది.

రెండో ప్రయత్నం: బాడీ

వెనక చక్రాల పైన బాడీ లోపలి వెడల్పు, అక్కడ ఛాసిస్ వెడల్పుకన్నా 1.5 మి.మీ. తక్కువగా ఉంది. ముందు చక్రాల దగ్గర ఆ తేడా లేదు. పెట్టెలో నలిగి ఉండాలి. పక్కలు లోపలికి వంగితే బాడీ కిందికి దిగకుండా ఛాసిస్ అంచు మీదే ఎక్కి కూర్చుంటుంది.

ఛాసిస్‌కి పనిచేసింది కదా అని బాడీని కూడా వేడినీళ్లలో ముంచుదామా అని ఆలోచించి మానుకున్నాను. బాడీలో అన్నిటికన్నా బలహీనమైనవి కప్పుని మోసే సన్నటి స్తంభాలు. వేడిలో పక్కల్ని బయటికి లాగితే వంగేది పక్కలు కాదు, ఆ స్తంభాలు. అవి వంగితే అద్దాల గూళ్లు చెడతాయి. అందుకని చల్లగానే, అదే కిట్ స్ప్రూ (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్కని కొలతకి కోసి, పక్కల మధ్య బిగించి వెడల్పు చేశాను. డిక్కీ మూత కింద, బయటికి కనిపించని చోట ఇంకో స్ప్రూ ముక్కని అడ్డంగా అతికించి, ఒక రోజంతా ఆరాక మొదటిది తీశాను. అదే కిట్ ప్లాస్టిక్ వాడితే జిగురు రెండు వైపులా ఒకేలా కరిగించి కలుపుతుంది.

సందు 1.6 నుంచి 1.3కి వచ్చింది. బాడీ తిన్నగా కావడంతో బానెట్ కూడా నేను ముట్టకుండానే జరిగింది. ఎడమ 0.7, కుడి 0.1. మొత్తం మాత్రం అదే 0.8. అప్పుడు గానీ కూడిక నా కంట పడలేదు.

మూడో ప్రయత్నం: ఇక్కడే దెబ్బతిన్నాను

మిగిలిన 1.3కి కారణం సీట్లు ఉండే తొట్టి అనుకున్నాను. అనుమానం సగం నిజమే. ఇలాంటి కిట్లలో ఛాసిస్ మీద తొట్టి, తొట్టి మీద అద్దం, అద్దం మీద కప్పు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఏ ఒక్కటి ఎత్తు పెరిగినా బాడీ పైకి లేస్తుంది. కాబట్టి తొట్టి అడుగుని 0.5 మి.మీ. రుద్దాను. సందు కదల్లేదు. కొలత తప్పానేమో అనుకుని ఇంకో 0.5 రుద్దాను. డ్రైవర్ కాళ్లు పెట్టుకునే చోట నేల పలచబడి, వెలుతురు కనిపించి, వేలు ఆనగానే చిట్లింది.

అప్పుడు ఆపాను. నిజానికి మొదటి 0.5కే ఆపాలి. అర మిల్లీమీటరు ప్లాస్టిక్ తీసినా సందు వెంట్రుకవాసి కూడా తగ్గలేదంటే, నేను రుద్దుతున్న చోట అసలు ఏదీ తగలడం లేదని అర్థం. ఆ సంగతి కళ్ల ముందే ఉంది. అయినా మందు పనిచేయకపోతే రెట్టింపు మోతాదు ఇచ్చినట్టు చేశాను.

పనిచేసినది

పళ్ల డాక్టరు కొత్త పన్ను కట్టాక రంగు కాగితం ఇచ్చి కొరకమంటాడు చూడండి. ఎక్కడ ముద్ర పడితే అక్కడ అరగదీస్తాడు. నేను చేసిందీ అదే. పిల్లలు ఆడుకునే క్లేని బఠాణీ గింజలంత ఉండలు చేసి, పలుచని ప్లాస్టిక్ కవరు ముక్కల్లో చుట్టి, ముక్కలు ఒకదానికొకటి తగలొచ్చు అనిపించిన తొమ్మిది చోట్ల పెట్టాను. అన్నీ పేర్చి, బాడీని సరిగ్గా ఎంత దిగాలో అంత దిగేదాకా నొక్కుదామని చూశాను. దిగలేదు. దిగినంత దిగాక విప్పి ఉండల మందం చూశాను.

ఏడు చోట్ల క్లే మందంగానే ఉంది. రెండు చోట్ల కాగితంలా అణిగింది. ఒకటి, ఛాసిస్ మధ్యలో పొడుగునా పోయే సొరంగపు గట్టు, తొట్టి దాని మీద కూర్చునే చోట. నేను రుద్దిన నేల ఆ గట్టుకి అటూ ఇటూ గాల్లో ఉంది. రెండోది, వెనక సీటు వెనకాల ఉండే అర. దాని పైభాగం అద్దం ముక్క కింది పెదవికి గట్టిగా తగులుతోంది.

ఈ కిట్‌లో ముందు అద్దం, వెనక అద్దం, మధ్యలో కప్పు కింద పట్టీ అంతా కలిసి ఒకే పారదర్శక ముక్క. బాడీని కిందికి నొక్కిన ప్రతిసారీ వెనక అర ఆ ముక్క తోకని పైకి తోస్తోంది. ముక్క కప్పు దగ్గర ఊయలలా తిరిగి ముందు చివర గూడులోంచి బయటికి వస్తోంది. ముందు అద్దం ఊడొస్తోందని ఆయన చెప్పింది అదే. అది జిగురు కథ కాదు, వెనక సందు కథే. నోట్‌బుక్ తెరిచి ఆ లైను కింద గీత గీశాను, కొంచెం సిగ్గుగా.

తేడా కుడి ఎడమల్లో సమానంగా ఉంది కాబట్టి ఇది అచ్చు తప్పే. కోయాల్సిందే. ఎక్కడ కోయాలి? సొరంగపు గట్టుని కోస్తే పైనుంచి ఏమీ కనిపించదు. కానీ దాని అడుగున షాఫ్టు, పొగగొట్టం కూర్చునే గుర్తులున్నాయి, అవి పోతాయి. అరని మొత్తం 1.2 దించేస్తే వెనక సీటు వీపు దాని పైకి పొడుచుకొచ్చి, వెనక అద్దంలోంచి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అద్దం పెదవి మొత్తం తీసేద్దామంటే పారదర్శక ప్లాస్టిక్ పెళుసు, పగులుతుంది. అందుకని పంచాను. అర కింద సన్నటి రంపంతో రెండు కోతలు కోసి 0.8 మి.మీ. పట్టీని తీసేసి మళ్లీ అతికించాను. అద్దం పెదవిని చుట్టూ టేపు వేసి, కత్తి పెట్టకుండా, నీళ్లతో 600 కాగితం మీద మెల్లగా 0.4 అరగదీశాను. తర్వాత 1000, 2000.

సందు 0.1కి వచ్చింది. ముందు అద్దం జిగురు లేకుండానే గూడులో నిలబడింది. చివర్లో దాన్ని తెల్ల జిగురుతో అతికించాను. సూపర్ గ్లూ ఆవిరి అద్దం మీద పాలపొరలా పేరుకుంటుంది కాబట్టి ఆ దరిదాపుల్లోకి రానివ్వలేదు. చిట్లిన నేల అడుగున 0.5 మి.మీ. ప్లాస్టిక్ రేకు వేశాను. అది ఛాసిస్ కింద దాగిపోయింది.

బానెట్‌కి పట్టీ అక్కర్లేకపోయింది, పుట్టీ అంతకన్నా అక్కర్లేకపోయింది. కీలు సీల కూర్చునే రంధ్రాన్ని ఎడమకి 0.3 మి.మీ. సాగదీసి, కుడి పక్క ఖాళీని పూడ్చాను. రెండు పక్కలా 0.4 వచ్చింది. ఇంకా బిగుతుగా చేయొచ్చు కదా అని ఆయన అడిగారు. ప్రైమరు, రంగు, పైపూత కలిసి రెండు అంచుల మీదా దాదాపు 0.2 మింగేస్తాయి. మిగిలే 0.2 అంటే నిజం కారులో దాదాపు 5 మి.మీ., అసలు కారుకి ఉండే సందు అంతే. రంగుకి ముందే ముద్దొచ్చేలా అమరిన బానెట్ రంగు తర్వాత తెరుచుకోదు.

మళ్లీ ఒక తప్పు

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ ముందు బంపర్ కింద విడిగా అతికించే పెదవి ముక్క ఒకటుంది. దాన్ని పలుచని ద్రవ జిగురుతో అతికించి, అతుకు మీద ట్యూబు పుట్టీ పూసి, రెండు రోజులకి రుద్ది, ప్రైమర్ కొట్టి, రంగు కూడా వేసేశాను. నున్నగా వచ్చింది. ఎనిమిదో రోజున అతుకు ఉన్నచోట దారం పోగంత గుంట తేలింది.

ప్లాస్టిక్ జిగురు నిజానికి అంటించదు, రెండు ముఖాల్నీ కరిగించి కలిపేస్తుంది. కరిగిన చోట ద్రావకం వెంటనే పోదు, రోజుల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది, ఆ మేరకు అతుకు లోపలికి కుంగుతుంది. ట్యూబు పుట్టీ కూడా ఆరుతూ కుంచించుకుపోతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు. ఆలస్యమైపోయిందన్న తొందర, అంతే.

మొత్తం రంగు తీసేయాలా, ఆ చోటే సరిచేయాలా? బాడీ అంతా బాగుంది, లోపం అడుగు అంచులో ఉంది. అందుకని ఆ పెదవి వరకే రుద్ది, సూపర్ గ్లూలో టాల్కమ్ పౌడర్ కలిపి గుంటలో నింపాను. అది కుంగదు. కానీ పూర్తిగా గట్టిపడితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా గట్టిగా అవుతుంది, అప్పుడు రుద్దితే పక్క ప్లాస్టిక్ అరిగి అది గుట్టలా మిగులుతుంది. గంటలోపే రుద్దేశాను. మళ్లీ ప్రైమర్ కొట్టి ఈసారి పది రోజులు అలా వదిలేసి, పక్కవాటు వెలుతురులో చూసి, గీత లేదని తేలాకే రంగు వేశాను.

ఇప్పుడు నేను చేసే తీరులో మారినవి

క్లే పరీక్ష ఇప్పుడు మొదటి రోజే చేస్తున్నాను, రుద్దడానికి ముందే. పావుగంట పని. ఈ కిట్‌లో అది ముందే చేసి ఉంటే తొట్టి నేల బతికేది. ఛాసిస్, బాడీ పనులు మాత్రం ఎలాగూ చేయాల్సినవే. అవి చెరొక 0.4, 0.3 తగ్గించాయి, వాటిని వృథా అనను.

సందు కొలతల్లో రెండు పక్కలవీ కూడి రాసుకుంటున్నాను. మొత్తం సరిపోతే ముక్కని జరపాలి, సరిపోకపోతేనే కోయాలి లేదా కలపాలి.

కిట్ తెచ్చినవాళ్లు చెప్పేవాటిని "అతుకు సమస్యలు", "జిగురు సమస్యలు" అని విడగొట్టి రాసుకోవడం మానేశాను. వాళ్లు చెప్పిన వరసలోనే, వాళ్ల మాటల్లోనే రాస్తున్నాను. అన్నీ ఒకే పేజీలో ఉంటే ఏది దేనికి ముడిపడిందో వెతకడం తేలిక.

పుట్టీని మాత్రం పూర్తిగా మానలేదు. గుంటలకీ గీతలకీ అదే మంచిది. అంచుల మీద, వెనక ఆధారం లేనిచోట మాత్రం పెట్టను. అక్కడ ప్లాస్టిక్ పట్టీనే.

ఒక లోపం అలాగే మిగిలింది. తొట్టి తలుపుల లోపలి గీతలు, బాడీ మీది తలుపు గీతలకి ఎడమ పక్క ఒక మిల్లీమీటరు వెనగ్గా ఉన్నాయి. సరిచేయాలంటే తొట్టి పక్కగోడ మొత్తం కోయాలి. ఆయన్ని అడిగాను. మోడల్‌ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, బానెట్ రెండుసార్లు ఎత్తి దించి, "దాన్ని వదిలేయండి" అన్నారు. వెనక అద్దంలోంచి టార్చి వేసి చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది.